కొలరాడో నదిలో సాహసయాత్ర

సాహసమునకును చదువునకును పొత్తు లేదని కొందరు తలంతురు. అది నిజము కాదని చూపుటకై అమెరికా పడమటి భాగమునందు జరిగిన యొక నదీయాత్రను మేమిచట వివరించుచున్నాము.

కొలరాడో నది గ్రాండ్ కాన్యన్ అను లోయలో సుమారు 446 కిలోమీటర్లు ప్రవహించును. లోయ లోతు కొన్నియెడల 1,600 మీటర్లకు మించును. కుంభవృష్టి కురిసినపుడు ప్రక్కలోయల వరదలు పెద్ద బండలను దొర్లించి తెచ్చి నదిలో పడవేయును. అచట నది యిరుకై, నీరు వడిగొని, నురుగులు గ్రక్కుచు దుముకును. ఇట్టి తావులే ఉరవళ్లు.

1869 మే 24న జాన్ వెస్లీ పావెల్ తొమ్మండుగురు సహచరులతో, నాలుగు పడవలపై, ఎగువనున్న గ్రీన్ నదినుండి బయలుదేరెను. ఆయన కంతకుముందే యుద్ధమున కుడిచేయి పోయినది. ఉరవడి యెదురైనపుడు వారు గట్టున దిగి పరిశీలించి, దాటరానిచోట పడవలను త్రాళ్లతో దింపుచుండిరి. అయినను ఒక పడవ బండలకు తగిలి ముక్కలై, అందలి ఆహారము నీటిపాలయ్యెను. జూలైలో ఒకడు యాత్ర విరమించుకొనెను.

ఆగస్టు 27న ఘోరమైన ఉరవడి యెదురయ్యెను. మువ్వురు ముందుకు రాజాలమనిరి. ఆ రాత్రి పావెల్ సెక్స్టెంటుతో ఆకాశమున ఒక గ్రహము నెత్తు కొలిచి, అక్షాంశము కనుగొని, గమ్యము దూరము లేదని లెక్క చూపెను. అయినను మరునాడు ఆ మువ్వురు కాలినడకన వెడలిపోయిరి, మరల రాలేదు. వారిని పిరికివారనరాదు, ఆకలియు అలసటయు అంతటివి. మిగిలిన ఆరుగురు 29వ తేదీన క్షేమముగా లోయను దాటిరి.

నేటికిని అచటి పడవవారు పెద్ద ఉరవళ్ల యెదుట గట్టున దిగి చూచియే ముందుకు సాగుదురు. విద్యార్థులారా! భూగోళ పాఠమునందలి అక్షాంశము పరీక్షకొరకు మాత్రమే కాదు. తల్లిదండ్రులును పిల్లల యాత్రాభిలాషను అణచివేయక, ఈతను, పటము చదువుటను ముందుగా నేర్పింపవలెనని మా మనవి.