గుక్కెడు నీళ్లకు ఓడిన గుత్తికోట

గుంతకల్లు జంక్షన్లో కడప వైపు వెళ్లే రైలెక్కితే కాసేపటికే కిటికీలోంచి ఓ బండకొండ కనిపిస్తుంది. చుట్టూ కనుచూపుమేర ఎర్రనేల, వేరుసెనగ చేలు. మధ్యలో దాదాపు మూడొందల మీటర్ల ఎత్తున నిటారుగా లేచిన రాయి. దాని నెత్తిన గోడలు, బురుజులు. అదే గుత్తికోట. విజయనగర కాలంలో బుక్కరాయల శాసనం దీన్ని దుర్గాలకే రాజని పొగిడింది. కింద నిలబడి తలెత్తి చూస్తే ఆ పొగడ్త ఎక్కువేమీ కాదనిపిస్తుంది.

అలాంటి కోట 1776లో మైసూరు పాలకుడు హైదర్ అలీ చేతికి చిక్కింది. ఫిరంగులు బద్దలు కొట్టాయా అంటే... దిగువ కోట వరకూ అవును. కానీ పైకోటను ఓడించినవి ఫిరంగులు కావు.

అందరివాడు... ఎవరికీ కానివాడు!
అప్పటి గుత్తి ప్రభువు మురారిరావు ఘోర్పడే. పేరుకి మరాఠా సర్దారు. కానీ పుణె ఎక్కడ, గుత్తి ఎక్కడ! ఇటు మైసూరు, అటు నిజాం, కింద ఆర్కాటు నవాబు... అందరి సరిహద్దులూ కలిసే చోట కోట కట్టుకుని కూర్చున్నవాడు ఒక్కరినే నమ్ముకుంటే బతకలేడు. మురారిరావు నమ్ముకున్నది తన గుర్రపు దళాన్ని. 1741లో మరాఠాలు తిరుచిరాపల్లిని గెలిస్తే దాని బాధ్యత ఆయనకే అప్పగించారు. రెండేళ్లకు నిజాం వచ్చి దాన్ని తీసుకున్నాడు. 1751లో ఆర్కాటు కోటలో క్లైవ్ చిక్కుకుపోయినప్పుడు మురారిరావు తన దళంతో ఎటూ తేల్చుకోకుండా ఆగాడు. ఇంగ్లిషువాళ్లు గట్టిగా నిలబడుతున్నారని తెలిశాకే కదిలాడు. తర్వాత ఫ్రెంచివారి పక్షానా ఉన్నాడు. 1756లో సవనూరు నవాబుతో కలిసి ఏకంగా పీష్వానే ఎదిరించాడు! మళ్లీ రాజీపడ్డాడు.

దీన్ని ద్రోహమని కొట్టిపారేయడం తేలిక. ఆ కాలంలో సరిహద్దు దొరలంతా చేసింది అదే. కాకపోతే ఆ పద్ధతికి ఓ లెక్క ఉంది. అందరికీ అవసరమైనన్నాళ్లే నడుస్తుంది. ఆపద వచ్చిన రోజున నావాడని ఎవరూ అనరు.

ఇక హైదర్ అలీ. 1750ల్లో తిరుచిరాపల్లి యుద్ధాల్లో అతనూ ఉన్నాడు, మైసూరు సైన్యంలో ఎదుగుతున్న అధికారిగా. 1761 నాటికి మైసూరుకి అసలు యజమాని అయిపోయాడు. 1768లో మురారిరావు ఇంగ్లిషువారితో చేరి బెంగళూరు దగ్గరి హోస్కోటలో దిగితే, హైదర్ ఆ దండు మీద రాత్రివేళ పడ్డాడు. మురారిరావు తిప్పికొట్టాడు. హైదర్ లాంటివాడు అలాంటివి మర్చిపోతాడా?

పుణె పట్టించుకోలేదు
హైదర్ అన్నాళ్లూ ఆగింది పీష్వా మాధవరావు ఉన్నాడనే. మాధవరావు అతణ్ని మళ్లీమళ్లీ ఓడించి కప్పం కట్టించాడు. 1772లో ఆయన పోయాడు. మరుసటి ఏడాదే తమ్ముడు నారాయణరావు సొంత అంతఃపురంలో హత్యకు గురయ్యాడు. పినతండ్రి రఘునాథరావు గద్దె కోసం ఇంగ్లిషువారితో చేతులు కలిపాడు. పుణెలో ఇల్లే తగలబడుతుంటే ఎక్కడో ఉన్న గుత్తి ఎవరికి గుర్తుంటుంది!

హైదర్ ముందుగా బళ్లారి మీదికొచ్చాడు. అక్కడి పాలెగాడు సాయం అడిగితే వచ్చి, ముట్టడి వేసిన ఆదోని ప్రభువు బసాలత్ జంగ్ సైన్యాన్ని చెదరగొట్టాడు. ఆ తర్వాత బళ్లారిని తానే ఉంచుకున్నాడు. బసాలత్ జంగ్ నిజాం తమ్ముడు, ముస్లిం. దాన్నిబట్టే తెలుస్తుంది ఇది మతాల పోరు కాదని. మురారిరావు నమ్మిన సేనానుల్లో యూనస్ ఖాన్ ఒకడు. హైదర్ కొలువులోనేమో హిందూ అధికారులు ఎందరో. కావలసింది భూమి, బాటలు, కప్పం.

బళ్లారి తర్వాతి వంతు గుత్తిది. హైదర్ డబ్బు అడిగాడు. చౌత్ వసూలు చేసే వంశం మాది, కట్టే అలవాటు లేదన్నట్టుగా జవాబిచ్చాడట మురారిరావు. ముట్టడి మొదలైంది.

విందులో జారిన మాట
కొన్ని వారాలకు ఊరూ, దిగువ కోటా పడిపోయాయి. మురారిరావు పైకోటకు చేరాడు. అక్కడికి దారి ఒక్కటే, అదీ ఇరుకు. నెలలు గడిచినా హైదర్ పైకి ఎక్కలేకపోయాడు. అయితే గుత్తి కొండ మీద ఊట లేదు. పడిన వాననే బండల్లో తొలిచిన గుంటల్లో, బావుల్లో దాచుకోవాలి. అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఎక్కువగా జూన్ నుంచి నవంబరులోపే. ముట్టడి నడిచింది వాన ఊసే ఉండని నెలల్లో. పైన గుమిగూడిన ప్రతి ప్రాణీ తాగాల్సింది ఆ నిలవ నీళ్లే.

చివరికి మురారిరావు రాజీకి మనిషిని పంపాడు. పెద్ద మొత్తమే ఒప్పుకొన్నాడు. కొంత నగదు, నగలు ముందు. మిగతాదానికి హామీగా యూనస్ ఖాన్ కొడుకు. ఆ తర్వాత జరిగింది 1810 నుంచి మైసూరు చరిత్రను ప్రచురించిన మార్క్ విల్క్స్ రాశాడు. హైదర్ ఆ కుర్రాణ్ని ఆదరంగా విందుకు పిలిచాడు. మాటల్లో పెట్టాడు. నీళ్లు లేకపోబట్టిగానీ లేకపోతే కోట ఇచ్చేవాళ్లమా అన్నాడు కుర్రాడు, గొప్పగా! హైదర్‌కి అదే చాలు. వచ్చిన నగల విలువ చెప్పినంత లేదని వంకపెట్టి కుర్రాణ్ని వెనక్కి పంపేశాడు. కోట చుట్టూ పట్టు బిగించాడు. కొన్నాళ్లకే తలుపులు తెరుచుకున్నాయి.

దాహం లేకపోతే గుత్తి నిలిచేదా? ఇంకొన్నాళ్లు నిలిచేదేమో. పుణె నుంచి దండు వచ్చే ఆశ లేనప్పుడు ఎన్నాళ్లని?

ఎడెస్సా కథా ఇంతే
సరిగ్గా ఇలాంటి కథే ఆరొందల ఏళ్ల ముందు ఇప్పటి తుర్కియేలో జరిగింది. నేడు ఉర్ఫా అంటున్న ఎడెస్సాలో 1098లో యూరప్ క్రైస్తవ యోధులు తమ తొలి తూర్పు రాజ్యాన్ని పెట్టారు. సముద్రానికి దూరంగా, శత్రువుల మధ్యలోకి చొచ్చుకుపోయిన సరిహద్దు రాజ్యం. దానికి అండగా నిలవగల బైజాంటియం చక్రవర్తి, జెరూసలేం రాజు ఇద్దరూ 1143లోనే చనిపోయారు. పొరుగున ఉన్న ఆంటియోక్ ప్రభువుకీ ఎడెస్సా ప్రభువు జోసెలిన్‌కీ పడదు. 1144 నవంబరులో జోసెలిన్ సైన్యంతో బయట ఉండగా మోసుల్ పాలకుడు జంగీ ఊరిని చుట్టుముట్టాడు. ఆంటియోక్ సాయం పంపలేదు, జెరూసలేం పంపిన దళం సమయానికి చేరలేదు. జంగీ మనుషులు గోడ కింద సొరంగం తవ్వి కూల్చారు. క్రిస్మస్‌కి ముందురోజు నగరం పడిపోయింది. తోటి ముస్లింల డమాస్కస్‌ను గెలవాలని అదే జంగీ ఏళ్లతరబడి పోరాడాడు. అది వేరే కథ.

ఎడెస్సా పతనం విని యూరప్ ఉలిక్కిపడి రెండో క్రూసేడ్‌కి బయల్దేరింది. గుత్తి కోసం మాత్రం ఎవరూ కదల్లేదు. మురారిరావును శ్రీరంగపట్నం తీసుకెళ్లి, తర్వాత కనకపుర దగ్గరి కబ్బాలదుర్గంలో బంధించారు. అదీ కొండకోటే. అక్కడే చనిపోయాడు. గుత్తి కొండ అంచున ఓ చిన్న మంటపాన్ని 'మురారిరావు గద్దె' అంటారు. అక్కడ కూర్చుని చదరంగం ఆడుతూ, శిక్ష పడిన ఖైదీలను లోయలోకి తోయిస్తూ చూసేవాడని స్థానికులు చెప్పుకొంటారు. అక్కణ్నుంచి చూస్తే పుణె వైపు దారి కూడా చాలా దూరం కనిపిస్తుంది.