ఉరాకామి ఆపని ప్రార్థన

చర్చి లేదు, గురువు లేడు, పైకి చెప్పుకుంటే ప్రాణం దక్కదు. అయినా జపాన్‌లో ఓ పల్లె రెండున్నర శతాబ్దాలు ఆరాధన మానలేదు.

నాగసాకి రేవు దగ్గర మెట్ల దారి ఎక్కితే ఓరా చర్చి వస్తుంది. అందులో బాలయేసును ఎత్తుకున్న మరియమాత విగ్రహం ఉంది. 1865 మార్చి 17న ఉరాకామి పల్లె నుంచి కొందరు రైతులు ఇక్కడికి వచ్చారు. వారిలో ఒక స్త్రీ ఫ్రెంచి గురువు ఫాదర్ పెటిజాన్‌ను సమీపించి, తమ మనసూ ఆయన మనసూ ఒక్కటేనని మెల్లగా చెప్పింది. మరియమాత విగ్రహం ఎక్కడుందని అడిగింది. జపనీయులకు క్రైస్తవం అప్పటికింకా నిషిద్ధమే.

గోవా నుంచి బయల్దేరిన ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో కాగోషిమాలో దిగడంతో జపాన్‌లో సువార్త మొదలైంది. 1597లో నాగసాకిలోని నిషిజాకా కొండమీద 26 మందిని సిలువ వేశారు. 1614లో దేశమంతటా నిషేధం వచ్చింది. గురువులను వెళ్లగొట్టారు, దాక్కున్నవారిని వెతికి చంపారు.

అప్పుడు ఊళ్లే పూనుకున్నాయి. పండుగల లెక్క చూడటం ఒకరి పని, పసిబిడ్డలకు జ్ఞానస్నానం ఇవ్వడం మరొకరి పని. పేరుకు అందరూ బౌద్ధాలయంలో నమోదయ్యేవారు. ఇంట్లో మాత్రం బౌద్ధుల కన్నోన్ దేవత బొమ్మ ముందు కూర్చుని మరియమాతను వేడుకునేవారు. లాటిన్, పోర్చుగీసు మాటలు కలిసిన 'ఒరాషో' ప్రార్థనలను పెద్దల నోట విని పిల్లలు కంఠతా పట్టేవారు.

తొక్కించిన చోటే చర్చి

కొత్త సంవత్సరం రాగానే గ్రామాధికారి ఇంటికి పిలుపు వచ్చేది. క్రీస్తు రూపమో మరియమాత రూపమో ఉన్న 'ఫుమియే' పలకను అందరూ కాలితో తొక్కాలి. కాదన్నవారికి చెర, చిత్రహింసలు. తొక్కినవారు ఇంటికొచ్చి పశ్చాత్తాప ప్రార్థన చెప్పుకొని దేవుణ్ని క్షమాపణ కోరేవారు. మరుసటి ఏడు మళ్లీ అదే పరీక్ష, మళ్లీ అదే ప్రార్థన.

ఓరాలో గుట్టు విప్పినందుకు ఉరాకామి మూల్యం చెల్లించింది. 1867లో అరెస్టులు మొదలయ్యాయి. మూడు వేల మందికి పైగా దూరప్రాంతాలకు తరలించగా, ఆరు వందల మందికి పైగా అక్కడే చనిపోయారు. 1873లో నిషేధం తొలగాక మిగిలినవారు ఇళ్లకు చేరారు. తమచేత ఫుమియే తొక్కించిన ఆ గ్రామాధికారి ఇంటి స్థలాన్నే కొన్నారు. అక్కడ కట్టిన చర్చి 1914లో పూర్తయింది. 1945 ఆగస్టు 9న అణుబాంబు దాన్ని కూల్చేసింది. పాపసంకీర్తనం కోసం లోపలున్నవారూ గురువులూ అందులోనే మరణించారు. 1959లో అదే చోట మళ్లీ చర్చి లేచింది.

ప్రాణమిచ్చిన వేదసాక్షులను లోకం స్మరిస్తుంది, స్మరించాలి కూడా. అయితే ఉరాకామిలో ప్రార్థనను మనవల దాకా చేర్చినవారిలో ఎక్కువమంది భయపడి పలకను తొక్కినవాళ్లే. తలవంచిన రోజున కూడా వాళ్లు దేవుణ్ని పిలవడం మానలేదు. హింసకు జడిసి, తానిక ప్రార్థనకు తగనని కుమిలిపోయే ప్రతి విశ్వాసికీ ఉరాకామి కథ తెలియాలి.