ఎండిన గరిక మళ్లీ ఎలా చిగురిస్తుంది?

ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క తుంగభద్ర. మధ్యనున్న నేల నడిగడ్డ. మన మల్దకల్ అందులోదే. అయినా నడి ఎండాకాలంలో నీళ్లందని వాకిట్లో గరిక వరిగడ్డిలా పసుపెక్కుతుంది. చచ్చిపోయిందనుకుంటాం. తొలకరి పడ్డాక చూడండి, మళ్లీ పచ్చపచ్చగా!

వినాయక చవితికి గరిక పీకితే పోచ తెగి చేతికొస్తుంది, అడుగుభాగం నేలలోనే ఉండిపోతుంది కదా? గుట్టు అక్కడే ఉంది. మట్టిలో పాకే కాండానికి కణుపులుంటాయి. ఆకులెండినా, ఆ కాండంలో దాచుకున్న పిండిపదార్థంతో కణుపుల్లోని మొగ్గలు బతికుంటాయి. తడి తగిలితే లేస్తాయి.

మరి ఎండలకు ముందే మనమేం చేయాలి? వేళ్లను లోతుకు దింపాలి. రోజూ కాసిన్ని నీళ్లు చల్లితే వేళ్లు పైపైనే ఉంటాయి. ముందు ఆరిపోయేది పైమట్టే! అందుకే నాలుగైదు రోజులకోసారి, పొద్దున్నే, జానెడు లోతు తడిసేలా పెట్టండి. అనుమానముంటే పుల్ల గుచ్చి చూడండి. కత్తిరిస్తే ఎత్తులో మూడో వంతు మించొద్దు; మిగిలిన ఆకులు మట్టికి గొడుగు. ఎండలు ముదిరాక యూరియా వేయకండి, లేత చిగుళ్లకు దాహమెక్కువ.

అన్నట్టు, నర్సరీల్లో డబ్బిచ్చి కొనే బెర్ముడా గడ్డి ఎవరనుకున్నారు? మన గరికే!