కణంలో వైరస్ పెత్తనం

2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన చికున్‌గున్యా మరుసటి ఏడాదికల్లా దేశంలో దాదాపు సగం రాష్ట్రాలను మంచాన పడేసింది. మూడు దశాబ్దాలకు పైగా ఊసే లేకుండా పోయిన జ్వరం అది. 2006 వానాకాలంలో సముద్రం దాటి, తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో స్థిరపడ్డ దక్షిణ అండమాన్‌కూ చేరింది. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం వాళ్లు అక్కడి రోగుల్లో విపరీతమైన కీళ్లనొప్పులే కాదు, నలుగురిలో అవయవాలు హఠాత్తుగా చచ్చుబడటం కూడా గమనించి వైద్య పత్రికలో రాశారు.

ఇంత చేసే వైరస్ దగ్గర ఉన్న సరంజామా ఎంత? దాదాపు 11,800 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ, దాని చుట్టూ ఒక తొడుగు. అంతే. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోము దానికి ఒక్కటీ లేదు. మన కణంలో మాత్రం లక్షల కొద్దీ ఉన్నాయి. పెళ్లివంటల దగ్గర వంటవాడు చీటీలో ఏముందో చూసి వండుతాడు, చీటీ రాసిందెవరని అడగడు. రైబోజోమూ అంతే, దానికి చీటీ అంటే ఆర్‌ఎన్‌ఏ. చికున్‌గున్యా ఆర్‌ఎన్‌ఏకు ముందూ వెనకా ఉండే గుర్తులు అచ్చం మన కణం రాసుకునే చీటీలకు ఉన్నట్టే ఉంటాయి. అందుకే లోపలికి రాగానే పని మొదలైపోతుంది.

ముందుగా తయారయ్యేవి నాలుగు పనిముట్టు ప్రోటీన్లు. వైరస్ ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీయడం వీటి పని. వాటిలో రెండోది, ఎన్‌ఎస్‌పీ2, మరో పనికీ పూనుకుంటుంది. కొంత భాగం కేంద్రకంలోకి వెళ్లి, మన జన్యువుల నుంచి చీటీలు రాసే ఎంజైములోని ముఖ్య భాగాన్ని కొన్ని గంటల్లోనే నాశనమయ్యేలా చేస్తుంది. దాంతో కణం కొత్త చీటీలు రాయడం బాగా తగ్గిపోతుంది. వైరస్ తన నకళ్లు కేంద్రకం బయటే తీసుకుంటుంది కాబట్టి దానికి నష్టమేమీ లేదు.

కణం చేతులు ముడుచుకుని కూర్చోదు. పీకేఆర్ అనే ప్రోటీన్ వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టి, ప్రోటీన్ల తయారీ మొదలుకావడానికి కావలసిన ఒక అంశానికి ఫాస్ఫేట్ తగిలించి, మొత్తం తయారీని మందగింపజేస్తుంది. వైరస్ ప్రోటీన్లు మాత్రం తయారవుతూనే ఉంటాయి. పైగా పీకేఆర్ లేని కణాల్లోనూ సొంత ప్రోటీన్ల తయారీ ఆగిపోయిందని ప్రయోగాల్లో తేలింది. అంటే ఆపడానికి వైరస్‌కు వేరే దారీ ఉంది. మానవ కణాలపై చేసిన పరిశోధనలో ఇంకో విడ్డూరం బయటపడింది. వైరస్‌పై హెచ్చరిక చేసే ఇంటర్‌ఫెరాన్ కోసం కణం చీటీలు బాగానే రాసుకుంది, కానీ ఆ ప్రోటీన్ దాదాపు తయారే కాలేదు.

అయినా చాలామంది కోలుకుంటారు. సోకిన కణం చెప్పలేకపోయిన సంగతిని ఇతర కణాలు చెబుతాయి, రోగనిరోధక వ్యవస్థ సాధారణంగా వారంలోపే రక్తంలోని వైరస్‌ను అణచేస్తుంది. నొప్పులు మాత్రం కొందరిని నెలల తరబడి వదలవు.

మందు కనిపెట్టడంలో చిక్కంతా ఇక్కడే ఉంది. రైబోజోములు మనవే కాబట్టి వాటిని ఆపితే దెబ్బ మనకే తగులుతుంది. అందుకే పరిశోధకులు వైరస్ సొంత సరుకైన ఎన్‌ఎస్‌పీ2 మీద గురిపెట్టారు. ఈలోగా చికిత్స అంటే విశ్రాంతి, ద్రవాహారం, పారాసిటమాల్. డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్ జోలికి పోకూడదు. ఇక ఈ వైరస్‌ను మోసుకొచ్చే, పగలు కుట్టే ఏడిస్ దోమ పుట్టేది డ్రమ్ములు, పాత టైర్లు, కొబ్బరి చిప్పల్లాంటివాటిలో నిలిచిన నీళ్లలో. వైరస్ కణం దాకా వచ్చాక మన చేతిలో ఉండేది తక్కువ. ఆ నీళ్లు పారబోయడం మాత్రం మన చేతిలోనే ఉంది.