నడుమునకు కృత్రిమ డిస్కు

బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని బావులలో ఒకప్పుడు ఫిల్లర్లు బొగ్గును తట్టలతో మోసి టబ్బులు నింపెడివారు. పైకప్పు తక్కువైనచోట నడుము వంచియే బరువు ఎత్తవలెను. ఆ పని చాలవరకు యంత్రముల పాలైనది గాని, ఆ పని చేసిన నడుములు ఇంకను మన మధ్య ఉన్నవి. కాకతీయ కాలువ క్రింద దినమంతయు వంగి నాట్లు వేయు స్త్రీల బాధయు ఇట్టిదే. పాత కరీంనగరం, ఆదిలాబాదు జిల్లాలలో “పట్నంల కొత్త డిస్కు ఏస్తరట గద” అని ఆశతో అడుగువారు కలరు. ఆ ఆశ ఎంతవరకు సరియైనదో చూతము.

మన వెన్నుపూసల నడుమ 23 డిస్కులు ఉన్నవి. డిస్కు లోపల మెత్తని గుజ్జు, దాని చుట్టును నారపొరలు. ఒక పొర నారలు ఒక వాలున, తరువాతి పొర నారలు ఎదురు వాలున సాగును. నులకమంచపు అల్లిక వంటిదనవచ్చును. యౌవనమున ఆ గుజ్జులో సుమారు అయిదింట నాలుగు వంతులు నీరే. పగటి బరువునకు కొంత నీరు పిండబడి, రాత్రి పడుకొన్నపుడు మరల చేరును. అందుచేతనే ఉదయముకంటె సాయంకాలమున మనిషి ఎత్తు ఒక సెంటీమీటరు వరకు తగ్గును. నమ్మనివారు గోడమీద గీత గీసి చూచుకొనవచ్చును. పెద్దవారి డిస్కు లోపలికి రక్తనాళములు పోవు. ఆహారము ప్రక్క ఎముకలనుండి మెల్లగా ఊరవలసినదే. కావుననే చెడిన డిస్కు సులభముగా బాగుపడదు.

స్వీడను వైద్యుడు నాకెమ్సన్ 1960ల నాటి పరిశోధనలలో డిస్కులోనికి సూది దించి ఒత్తిడి కొలిచినాడు. బరువు పట్టుకొని ముందుకు వంగినపుడు నిలుచున్నప్పటికంటె ఆ ఒత్తిడి రెట్టింపునకు మించినది. ఫిల్లరు నడుము ఏల అరిగినదో ఇందువలన తెలియును.

చెడిన డిస్కు తీసివేసి మరియొకటి పెట్టరాదా? అదే స్వీడనులో ఫెర్న్‌స్ట్రోమ్ ఉక్కుగుండ్లను అమర్చి చూచినాడు. గుండు ఎముకను తాకు చోటు చాల చిన్నది. బరువంతయు అచ్చటనే పడి, తడినేలలో మంచపుకోళ్లు దిగినట్లు పలువురి ఎముకలో దిగబడినది. కోడు క్రింద పలక వేసినచో దిగదు గదా!

1980లలో బెర్లిను నగరపు షారిటే ఆసుపత్రి వైద్యులు కుర్ట్ షెల్నాక్, కారిన్ బ్యూట్నర్-యాంత్స్ ఈ పలక ఉపాయమునే పట్టినారు. ఈమె 1972 మ్యూనిక్ ఒలింపిక్సులో జిమ్నాస్టిక్సు స్వర్ణపతకములు గెలిచినది. నడుము వంగుట యేమో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. పైన ఒకటి, క్రింద ఒకటి లోహపు పలకలు. నడుమ జారుచుండు పాలిథిలీను బిళ్ల. 1984లో దీనిని రోగికి అమర్చినారు. తొలి పలకలు చిన్నవగుటచేత అవియు దిగబడినవి. పలకలను వెడల్పు చేసి 1987 నాటికి మూడవ రూపము తెచ్చినారు. అమెరికా ప్రభుత్వము దీనికి 2004లో అనుమతి ఇచ్చినది.

అంతటితో చిక్కు తీరలేదు. ఈ బిళ్ల కదలికను ఇచ్చును గాని, గుజ్జు వలె అదురును మింగదు. రబ్బరు వంటి పదార్థముతో చేసి చూచినచోట రబ్బరు చిరిగినది. బిళ్ల అరిగిన నలుసులు చుట్టునున్న ఎముకను తినివేయవచ్చును. అందుచేత కొత్త నమూనాలను యంత్రములో, దూడరక్తపు సీరములో ముంచి, కోటి మారులు వంచి చూతురు. నడుమున దీనిని పొట్టవైపునుండి, పెద్ద రక్తనాళములను ప్రక్కకు ఒత్తిపెట్టి అమర్చవలెను. తప్పినచో మరల తీయుట మొదటి శస్త్రచికిత్సకంటె ప్రమాదకరము.

ఇక మనవారి ప్రశ్న. ఒకటి రెండు డిస్కులే చెడి, వెనుకనున్న చిన్న కీళ్లు బాగుగానుండి, ఎముక గట్టిగా ఉన్నవారికే ఇది తగును. ముప్పదియేండ్లు బొగ్గు మోసిన వృద్ధునికి కీళ్లును అరిగియుండును, ఎముకయు పలుచబడియుండును. అట్టివానికి ఇది పనికిరాదని చెప్పుట మాకు కష్టముగా ఉన్నను చెప్పక తప్పదు. అప్పుచేసి పట్నము పోవుటకు ముందు ఈ మాట వైద్యుని నిలదీసి అడుగవలెను. డిస్కు ఉబ్బి నరమును ఒత్తుటవలన కాలు లాగువారిలో పెక్కుమందికి కొన్ని వారములలో శస్త్రము లేకయే తగ్గును. తగ్గనివారికి ఉబ్బిన ముక్కను మాత్రము తీసివేయుట కలదు. కొందరికి రెండు పూసలను కలిపి బిగింతురు.

అయితే నడుమునొప్పితోపాటు మూత్రము పట్టు తప్పినను, కూర్చుండు చోట స్పర్శ పోయినను, పాదము ఎత్తలేకపోయినను, ఆ రాత్రియే ఆసుపత్రికి చేర్చవలెను. తెల్లవారువరకు ఆగరాదు.