సరుకుల ఓడ ఎక్కి నాట్యం నేర్చిన యువకుడు

నాట్యమంటే గజ్జె, తాళం, పురాణ కథ అనుకునే మనకు, ఇవేవీ లేని నృత్యం ఒకటుందంటే వింతగానే తోస్తుంది. దానిని సమకాలీన నృత్యమంటారు. ఆ విద్య కోసం సముద్రం దాటిన మన దేశపు యువకులలో అస్తాద్ దేబూ ఒకరు.

1947లో నేటి గుజరాత్‌లోని నవసారిలో పార్సీ కుటుంబంలో జన్మించిన దేబూ, ఉక్కు పట్టణమైన జంషెడ్‌పూర్‌లో పెరిగారు. చిన్ననాటనే కథక్ అభ్యసించారు. బొంబాయిలో కామర్స్ చదువుతుండగా అమెరికాకు చెందిన ముర్రే లూయిస్ బృందం ప్రదర్శన చూడటంతో ఆయన మనసు అటు మళ్లింది. 1969లో సరుకుల ఓడ ఎక్కి ఇరాన్ చేరి, అక్కడి నుంచి దారిన పోయే వాహనాలను అడిగి ఎక్కుతూ ఐరోపా మీదుగా లండన్ చేరుకున్నారు.

నేలమీద తొలి పాఠం

లండన్‌లో ఆయన నేర్చినది మార్తా గ్రాహం పద్ధతి. కథక్‌లో నిలబడి పాదాలతో తాళం పలికించాలి. గ్రాహం పాఠం నేలమీద కూర్చోవడంతో మొదలవుతుంది. ఊపిరి వదులుతూ పొట్టను లోపలికి లాగి వెన్నును విల్లులా వంచాలి. ఊపిరి పీలుస్తూ నిటారు కావాలి. దెబ్బ తగలకుండా నేలకు ఒరగడం, వెంటనే లేవడం కూడా సాధన చేయవలసిన విద్యలే. ముద్రలు, ముఖాభినయం ఇక్కడ ఆదుకోవు. ఒక బాణీకి అలవాటుపడిన ఒంటిని మరో దారికి మళ్లించడం తేలిక కాదు. అనంతరం న్యూయార్క్‌లో హోసే లిమోన్ పద్ధతిని కూడా అభ్యసించారు.

మళ్లీ శిష్యరికం

1977లో స్వదేశం చేరాక మరో చిక్కు ఎదురైంది. ఆయన నృత్యం ఇక్కడివారికి మరీ పాశ్చాత్యంగా తోచింది. అక్కడివారికేమో అందులో భారతీయత చాలలేదు. దేబూ నిరుత్సాహపడలేదు. ముప్పయ్యేళ్ల వయసులో కేరళ వెళ్లి గురువు ఇ. కె. పణిక్కర్ వద్ద కథకళికి శిష్యులయ్యారు. గురువాయూర్‌లో ప్రదర్శన కూడా ఇచ్చారు. కథక్, గ్రాహం, కథకళి కలిసి ఆయన సొంత బాణీ రూపుదిద్దుకుంది.

తాను నేర్చినదాన్ని కలకత్తా, మద్రాసులలోని బధిర యువతీయువకులకు నేర్పడం మరో విశేషం. చెవికి వినబడని తాళాన్ని వారు లెక్కతోనూ, కంటిచూపుతోనూ పట్టుకున్నారు. 2007లో పద్మశ్రీ అందుకున్న దేబూ 2020 డిసెంబర్ 10న ముంబయిలో కన్నుమూశారు. కొత్త విద్య నేర్వాలంటే పాతదాన్ని వదులుకోనక్కరలేదని, ఏ వయసులోనైనా మళ్లీ గురువు ముందు కూర్చోవచ్చునని ఆయన జీవితం చాటుతోంది.