ముఖమల్‌ను చంపేది మురికి కాదు, బరువు

వెల్వెట్ జాకెట్టును మనం ఎంత శ్రద్ధగా దాస్తే అంత త్వరగా పాడవుతుంది. పెళ్లి నుంచి రాగానే నాలుగు మడతలు పెట్టి బీరువాలో పట్టుచీరల అడుగున సర్దేస్తాం. ఏడాదికి బయటికి తీస్తే మడత పడిన చోటల్లా ఒక వెలిసిన గీత. గాభరాగా ఇస్త్రీపెట్టె అందుకుంటాం. గీత పోదు సరికదా, పక్కనే పెట్టె ఆకారంలో నున్నటి మచ్చ తేలుతుంది. మరక లేదు, చిరుగు లేదు, అయినా బట్ట కళ పోయింది.

కారణం నేతలో ఉంది. మామూలు గుడ్డలో పోగులన్నీ పడుకుని ఉంటాయి. వెల్వెట్‌లో అడుగు నేత మీద మరో వరస పోగులు నిలబడి ఉంటాయి. ఇప్పటి మగ్గాల మీద సాధారణంగా రెండు గుడ్డలను ఒకదాని మీద ఒకటిగా నేస్తారు. ఆ రెంటినీ కలుపుతూ మధ్యలో ఒక పడుగు పైకీ కిందికీ తిరుగుతుంది. కత్తి ఆ మధ్య పోగులను కోసుకుంటూ పోతే గుడ్డలు విడిపోతాయి, తెగిన కొసలు నూగుగా లేస్తాయి. ముఖమల్ అన్న మాటకు మూలమైన అరబ్బీ పదానికి అర్థం కూడా నూగున్నదనే. వెలుతురు ఈ కొసల మధ్యకు దిగి ఇరుక్కుంటుంది కాబట్టే మెరూన్ రంగు మరే గుడ్డమీదా అంత చిక్కగా కనిపించదు. నూగు వాలిన వైపు నిమిరితే మెరుపు, ఎదురు నిమిరితే ముదురు. ముక్కలన్నీ ఒకే వాలుకు కత్తిరించకపోతే ఒకే థానులోంచి తీసిన చెయ్యీ వీపూ రెండు రంగుల్లా కనిపిస్తాయి. దర్జీ గుడ్డ కాస్త ఎక్కువ అడిగాడంటే అనుమానించకండి, పాపం, ఈ గుడ్డకు అది న్యాయమైన కోరికే.

అణిగిన నూగును లేపేది ఆవిరి. బట్టను తిరగేసి, పెట్టె తగలకుండా ఆవిరి పట్టి, ఆరేదాకా చెయ్యి వేయకుండా వదిలేస్తే చాలావరకు తేరుకుంటుంది. ఇప్పుడు దొరికేదంతా పాలిస్టరే, మెషిన్లో వేసినా ఏమీ కాదు కదా అనవచ్చు. సగం నిజం. పాలిస్టర్ నీటికి తట్టుకుంటుంది గానీ కాలిన పెట్టెకు కాదు. వేడికి మెత్తబడి అణిగిన నూగు ఇక లేవదు. విస్కోస్ సంగతి వేరు: తడిస్తే బలం తగ్గుతుంది, నూగు అట్టకడుతుంది. పట్టు వెల్వెట్‌ను, మగ్గం వర్కు చేసినదాన్ని డ్రైక్లీనింగ్‌కే ఇవ్వాలి. కొనేటప్పుడే లేబుల్ చూడమనేది ఇందుకే.

మన ఎండలకు ఇదెందుకన్న ప్రశ్నకు మాత్రం ఎదురు చెప్పలేం. నూగు మధ్య నిలిచిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. వైశాఖ ముహూర్తానికి నిండు వెల్వెట్ లెహంగా శిక్షే. మాఘమాసపు రాత్రి రిసెప్షన్‌కు అదే హాయి. మిగతా కాలాల్లో జాకెట్టుకో అంచుకో పరిమితం చేసుకుంటే సరి.

మీ బీరువా అడుగున వెల్వెట్ జాకెట్టు ఉంటే ఇవాళే పైకి తీయండి. పాత నూలు పంచె ముక్క కప్పి వెడల్పాటి హ్యాంగర్‌కు తగిలించండి. క్లిప్పులది మాత్రం వద్దు, క్లిప్పు కరిచిన చోటా నూగు అణిగిపోతుంది.